పిల్లల మాట తెలిసిన మనిషి లేకుండా దత్తత ఫైలు కదలకూడదు

సంపాదకులకు నమస్కారం.

ఒడిశా సరిహద్దులోని రాయగడ, గజపతి, గంజాం జిల్లాల్లో ఆశ్రమాలకు చేరే పిల్లల్లో తెలుగు మాట్లాడేవాళ్లు, సవర అనే గిరిజన భాషతో పాటు తెలుగు వచ్చినవాళ్లు కూడా ఉంటారు. దత్తతకు వచ్చే మన దంపతుల్లో ఎక్కువమందికి పసిబిడ్డే కావాలి. ఆరేడేళ్లు దాటిన పిల్లవాడి కోసం, ముగ్గురు తోబుట్టువుల కోసం వచ్చేవాళ్లలో విదేశీ కుటుంబాలే ఎక్కువ. దత్తతకు అర్హత తేలాక అరవై రోజుల్లో భారతీయ, ఎన్నారై కుటుంబమేదీ దొరక్కపోతే పిల్లలను విదేశీ దత్తతకు ఇవ్వవచ్చని 2015 బాలల న్యాయ చట్టం 59వ సెక్షన్ చెబుతోంది. ఐదేళ్లు దాటినవాళ్లకు, తోబుట్టువులకు, వైకల్యం ఉన్నవాళ్లకు అందులో ప్రాధాన్యం కూడా ఇవ్వవచ్చు. దీన్ని మేం తప్పుపట్టడం లేదు. ఆశ్రమంలో పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఉండటం కన్నా ఒక ఇంటి బిడ్డ కావడం ఎంతో మేలు. కానీ ఫైలు మొదలైన రోజు నుంచి విమానం ఎక్కే రోజు దాకా ఆ పిల్లవాడి మాట తెలిసిన మనిషి పక్కన ఉండాలి.

తప్పు మొదటి వారంలోనే పడుతుంది. పిల్లవాడు "మామ్మ దగ్గర ఉండేవాణ్ణి" అంటాడు. ఒడియాలో మేనమామను మాము అంటారు. రాసుకునేవాళ్లకు తెలుగు రాకపోతే నాయనమ్మ కాస్తా మేనమామ అయిపోతుంది. ఇక అసలు లేనే లేని మేనమామ కోసం వెతుకులాట సాగుతుంది. ఊరు కొత్తవలస అని చెబితే చాలామంది రైల్వే జంక్షన్ ఉన్న కొత్తవలసే అనుకుంటారు. విజయనగరం, శ్రీకాకుళం వైపు ఆ పేరుతో ఊళ్లు ఎన్నో ఉన్నాయి. అందుకే ఊరి పేరు ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. సంత ఏ రోజు, సంతకు నడిచి వెళ్లేవారా ఆటోలోనా, అమ్మవారి పండగ ఏది, ఏరు దాటాలా, రైలు కూత వినపడేదా అని అడగాలి. ఎనిమిదేళ్ల పిల్లకు జిల్లా పేరు తెలియకపోవచ్చు, సంత రోజు మాత్రం మరిచిపోదు. ఆ జవాబుల నుంచి ఊరు పట్టుకోవడం ఈ ప్రాంతంలో తిరిగిన తెలుగు మనిషికే సాధ్యం.

పత్రికా ప్రకటన సంగతీ ఇంతే. పిల్లవాడు దొరికిన మూడు పనిదినాల్లో ఫొటోతో ప్రకటన వేయాలి. వేరే రాష్ట్రం పిల్లవాడైతే అతని ప్రాంతంలో, అక్కడి భాషలో వేయాలని దత్తత నిబంధనలు చెబుతాయి. ఒడియా పత్రికలో మాత్రమే వేసి ఊరుకుంటే పాలకొండలో ఉన్న నాయనమ్మకు ఎలా తెలుస్తుంది? రెండేళ్లు దాటిన పిల్లల విషయంలో నాలుగు నెలల్లో బాలల సంక్షేమ కమిటీ దత్తతకు అర్హత ప్రకటించాలి. ఆ నాలుగు నెలలే వెతకడానికి ఉన్న సమయం. తెలుగు ప్రకటన కాపీ ఫైల్లో కనిపించకపోతే, కమిటీ సభ్యులు సంతకం పెట్టేముందు అడగాలి.

తర్వాత తయారయ్యే రెండు కాగితాలు, పిల్లవాడి అధ్యయన నివేదిక, వైద్య నివేదిక. విదేశీ కుటుంబం వీటిని చూసే ఒప్పుకుంటుంది. మన ప్రాంతంలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) ఎక్కువ కాబట్టి రక్తపరీక్ష చేస్తారు, "సికిలింగ్ పాజిటివ్" అని రాసి వదిలేస్తారు. ఆ పరీక్ష జబ్బున్నవాళ్లలోనూ, జబ్బు లేకుండా దాని జన్యువును మాత్రమే మోస్తూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ పాజిటివే వస్తుంది. తేడా తేలాలంటే హెచ్‌పీఎల్‌సీ కానీ ఎలెక్ట్రోఫోరెసిస్ కానీ అనే రక్తపరీక్ష చేయించాలి. ఆ ఒక్క పరీక్ష లేనందుకు ఆరోగ్యంగా ఉన్న పిల్లకు ఇల్లు తప్పిపోకూడదు.

పెద్ద పిల్లల విషయంలో నెలలు కూడా లెక్కే. మన చట్టంలో పద్దెనిమిదేళ్ల దాకా దత్తత ఉంది. అమెరికా కుటుంబమైతే పిల్లవాడికి పదహారు నిండకముందే దత్తబిడ్డను అక్కడికి తీసుకెళ్లడానికి పెట్టే ఐ-800 దరఖాస్తు పడాలి. తోబుట్టువుల విషయంలో సడలింపు ఉంది. అమెరికా వీసాకు రెండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు క్షయ రక్తపరీక్ష చేస్తారు. అందులో తేడా వస్తే ఎక్స్‌రే, దానిలోనూ అనుమానం వస్తే కఫం కల్చర్ (కఫంలో క్షయ క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష). కల్చర్ ఫలితానికి ఎనిమిది వారాల దాకా పడుతుంది. తల్లిదండ్రులు ఢిల్లీ హోటల్లో కూర్చున్నాక ఈ సంగతి బయటపడితే వాళ్ల సెలవులు, డబ్బు అయిపోతాయి, పిల్లవాడు బెంబేలెత్తిపోతాడు. అందుకే దగ్గు, బరువు తగ్గడం, ఆశ్రమంలో ఎవరికైనా క్షయ ఉండటం లాంటివి ముందే చూసుకోవాలి.

అన్నిటికన్నా తక్కువ శ్రద్ధ పెట్టేది పిల్లవాడికి చెప్పడం మీద. వయసును, అవగాహనను బట్టి పిల్లల ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోవాలని చట్టం 61వ సెక్షన్‌లో ఉంది. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కలెక్టరే కాబట్టి, ఆ ఇష్టం కనుక్కోవలసిందీ ఆయనే. "ఫారిన్ పోతావా, చాక్లెట్లు ఇస్తారు" అని అడిగితే ఏ పిల్లవాడైనా తలూపుతాడు. అది ఒప్పుకోవడం కాదు. "మీ అమ్మ కోసం వెతికాం, దొరకలేదు. వీళ్లు నిన్ను ఉంచేసుకుంటారు. మళ్లీ ఇక్కడికి పంపరు. నీకు ఇష్టం లేకపోతే చెప్పొచ్చు" అని సొంత భాషలో, రెండు మూడు సార్లు, తెలిసిన మనిషి చెప్పాలి. బుద్ధిగా ఉంటే అమ్మ వచ్చి తీసుకెళ్తుందని లోపల నమ్ముకున్న పిల్లలు ఉంటారు. ఆ నమ్మకం అలాగే ఉంచి కారెక్కిస్తే, కొత్త ఇంట్లో మొదటి నెలల్లో అది కోపంగానో, అన్నం దాచుకోవడంగానో బయటికొస్తుంది.

కుటుంబం పంపే ఫొటోల పుస్తకంలో వాళ్ల ముఖాలే కాదు, పడుకునే మంచం, బాత్రూం, బడి దారి, ఇంట్లో తిరిగే కుక్క కూడా ఉండాలి. వీధికుక్కల్ని చూసి పెరిగిన పిల్లకు ఇంట్లో కుక్క అంటే భయం. ఫొటోల కింద మాటలు తెలుగులో రాయించాలి. తల్లిదండ్రులకు ఇరవై తెలుగు వాక్యాలు వాళ్ల లిపిలో రాసివ్వాలి: ఆకలేస్తోందా, కడుపు నొప్పా, భయమేస్తోందా. మన పిల్లలు "ఒంటికి, రెంటికి" అంటారు. పుస్తకాల్లో తెలుగు చూసుకొచ్చిన తల్లికి అవి అంకెల్లాగే వినిపిస్తాయి. ఎప్పుడూ కారెక్కని పిల్లలకు ఘాటు రోడ్డులో వాంతులవుతాయి. ఆ పూట పాలు వద్దని, రెండు ఇడ్లీలు చాలని, కవర్లు దగ్గర పెట్టుకోమని చెప్పేవాళ్లుండాలి.

విదేశానికి వెళ్లిన పిల్లలు అమ్మభాషను చాలా తొందరగా మరిచిపోతారు. అందుకే ఆయమ్మల ఫొటోలు, స్నేహితుల పేర్లు, ఊరి జ్ఞాపకాలు వెళ్లకముందే ఒక నోట్‌బుక్‌లో రాయించి చేతికివ్వాలి. పద్దెనిమిదేళ్లు నిండాక తన మూలాలు వెతుక్కునే హక్కు ఆ బిడ్డకు ఉంది, అప్పుడు ఆ నోట్‌బుక్కే దారి చూపుతుంది. వెళ్లాక పిల్లవాడు ఎలా ఉన్నాడో రెండేళ్లు నివేదికలు రావాలి, మొదటి ఏడాది మూడు నెలలకొకటి, తర్వాత ఆరు నెలలకొకటి. మొదటి నివేదిక సమయానికి పిల్లవాడికి తెలుగు ఇంకా ఉంటుంది. ఆ వారమే ఒక తెలుగు మనిషితో వీడియోలో మాట్లాడించాలి.

దీనికి కొత్త జీవో, కొత్త నిధులు అక్కర్లేదు. పోక్సో కేసుల (పిల్లలపై లైంగిక నేరాల కేసుల) కోసం దుబాసీల జాబితా ఉంచాలని 2020 నిబంధనలు ప్రతి జిల్లా బాలల సంరక్షణ విభాగానికీ చెప్పాయి. అందులో తెలుగు, సవర, కువి (కోందుల భాష) తెలిసినవాళ్లను చేర్చి, దత్తత ఫైళ్లకూ పిలవమని ఈ మూడు జిల్లాల కలెక్టర్లను కోరుతున్నాం.

మీ పత్రికకూ ఒక మనవి. విదేశీ దంపతులకు కలెక్టరు పిల్లవాడిని అప్పగిస్తున్న ఫొటో ముఖంతో, పేరుతో వేయకండి. చట్టం 74వ సెక్షన్ పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని నిషేధించింది. ఆ స్థలంలో తప్పిపోయిన పిల్లల ప్రకటనలు, పిల్లల సాయానికి ఉన్న 1098 ఫోన్ నంబరు, తెలుగులో కాస్త పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
దత్తత వ్యవహారాల్లో దుబాసీలుగా సాయపడుతున్న తెలుగువాళ్లం,
రాయగడ, ఒడిశా