ముంబై, ఢిల్లీ ట్రిప్పులు ఆపేస్తున్నాం, ఎందుకో చెప్తాను

అందరికీ నమస్కారం. ముందు విషయం చెప్పేస్తాను, కారణం తర్వాత. ఈ దసరా సెలవుల నుంచి మన ముంబై, ఢిల్లీ, బెంగళూరు ప్యాకేజీలు ఉండవు, వాటి బదులు పల్లెటూళ్ల ట్రిప్పులు పెడుతున్నాం. అక్టోబరు ముంబై ట్రిప్‌కి అడ్వాన్స్ కట్టిన నాలుగు కుటుంబాలకీ డబ్బు పూర్తిగా వెనక్కి వేసేశాం. ఎవరికైనా ఇంకా అందకపోతే ఆఫీసుకి కాదు, నాకే ఫోన్ చేయండి.

"అన్నా, సిటీ ట్రిప్పులతోనే కదా మీకు పేరొచ్చింది" అని అడుగుతున్నారు. నిజమే. నేను పుట్టి పెరిగింది విజయవాడ వన్‌టౌన్‌లో. మొదటిసారి ముంబై వెళ్లినప్పుడు మెరీన్ డ్రైవ్ గోడ మీద అర్ధరాత్రి దాకా కూర్చుని, ఆ దీపాల వంపు చూస్తూ, బతికితే ఇలాంటి చోట బతకాలి అనుకున్నాను. ఆ ఊపులోనే ఈ వ్యాపారం పెట్టాను. గేట్‌వే ఆఫ్ ఇండియా, లాంచీలో ఎలిఫెంటా, సాయంత్రం మాల్. ఢిల్లీ అయితే ఎర్రకోట, కుతుబ్ మినార్, చాందినీ చౌక్‌. రోజుకి ఆరు చోట్లు చూపిస్తేనే మీ డబ్బుకి న్యాయం చేసినట్టు అనిపించేది. మెరీన్ డ్రైవ్ అంటే ఇప్పటికీ ఇష్టమే, కానీ బస్సులో మైకు పట్టుకుని అదే వివరం మళ్లీ చెబుతుంటే నా మనసు అక్కడ ఉండటం లేదు, అది మీకూ తెలిసిపోతోంది.

ఎక్కడ మొదలైందో గుర్తుంది. 2019 జనవరిలో ఇంట్లోవాళ్లతో అంతర్వేది వెళ్తూ నరసాపురం రేవులో పంటు (బళ్లనీ మనుషులనీ ఏరు దాటించే పడవ) కోసం ఆగాం. పంటు అవతల సఖినేటిపల్లి ఒడ్డున ఉంది. బండి దిగి గట్టు మీద కూర్చున్నాం, ఎదురుగా వశిష్ఠ గోదావరి, చేయడానికి ఏ పనీ లేదు, చాలా ఏళ్ల తర్వాత అలా ఊరికే కూర్చోవడం నాకు హాయిగా అనిపించింది. సైకిల్‌కి కొబ్బరికాయలు కట్టుకుని ఒక పెద్దాయన పక్కనే నిలబడ్డారు. మా అమ్మాయిని "మీదే ఊరమ్మా?" అన్నారు. విజయవాడ అంది. "అది కాదమ్మా, మీ సొంతూరు?" అన్నారు. అది నా వైపు చూసింది. మాకు సొంతూరంటూ లేదు, మా తాతల నాటి నుంచీ వన్‌టౌనే. సంక్రాంతికి వెళ్లడానికి ఒక ఊరు లేని పిల్లలు మన కస్టమర్ల ఇళ్లలో కూడా ఎంతమంది ఉన్నారో అని దారంతా అనిపించింది.

అప్పటి నుంచి మా సొంత ప్రయాణాలు మారిపోయాయి. కనుమ రోజు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాం. ప్రభ అంటే దేవుణ్ణి పెట్టి, రంగురంగుల బట్టలతో అలంకరించి ఊరేగించే ఎత్తైన వెదురు కట్టడం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు పదకొండూ ఆ కొబ్బరితోటకి వస్తాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం వాళ్లయితే అంతెత్తు ప్రభని భుజాల మీద మోస్తూ కౌశిక కాలువలోకి దిగి, నీళ్లలోంచి ఇవతలి ఒడ్డు ఎక్కిస్తారు. అది చూస్తుంటే ఒళ్లు జలదరించింది. ఇంకోసారి భూదాన్ పోచంపల్లి వెళ్లాం. 1951లో వినోబా భావే భూదానం మొదలైన ఊరని చదువుకోవడం వేరు, అక్కడ ఆసు పోసే (నేతకి ముందు నూలుని వరసగా చుట్టే) ఆమె చెయ్యి ఒక్క చీర కోసం వేలసార్లు ముందుకీ వెనక్కీ ఆడటం దగ్గర కూర్చుని చూడటం వేరు. మీరూ మారారు. ఒకప్పుడు బుకింగ్ ఫోన్‌లో మొదటి ప్రశ్న "షాపింగ్‌కి ఎంత టైమిస్తారు?" ఇప్పుడు "పిల్లలు పొలంలోకి దిగొచ్చా?"

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. పోయిన డిసెంబరులో 26 మందిని కోనసీమ తీసుకెళ్లి, దారిలో ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఒక ఇంటికి అందరినీ ఒకేసారి పంపాను. బోర్లించిన కుండ మీద పలచటి బియ్యప్పిండి గుడ్డతో ఒక్క లాగు లాగితే రేకు వస్తుంది, కింద ఎండు కొబ్బరాకుల మంట సమంగా ఉండాలి. "ఇంకోసారి చేయండమ్మా" అని వీడియోల కోసం అందరూ అడుగుతుంటే ఆమె మంట చూసుకోలేకపోయారు, రేకులు మాడిపోయాయి, గంటన్నర పని పోయింది. ఆమె ఒక్క మాట అనలేదు, పైగా అందరికీ మంచినీళ్లిచ్చారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఊరిని కూడా మాల్‌లాగే చూపిస్తున్నానని అర్థమైంది. మర్నాడు వెళ్లి ఆమెకి ఆ రోజు కూలి ఇచ్చి క్షమాపణ చెప్పాను.

అందుకే ఇకనుంచి ట్రిప్‌కి 12 మందే. రెండు రాత్రులూ ఒకే ఊళ్లో. ఇళ్లలోకి వెళ్లేది నలుగురేసి, వాళ్లు రమ్మన్న వేళకే, వాళ్ల సమయానికి డబ్బు మేమే ఇస్తాం, అది మీ రేటులోనే ఉంది. రేటు పెరిగింది, దాచను: 26 మంది పంచుకునే బండి ఖర్చు ఇప్పుడు 12 మంది మీద పడుతుంది. కోనసీమ రెండు రాత్రులు మనిషికి 7,800, పదేళ్ల లోపు పిల్లలకి సగం. గదులు శుభ్రంగా ఉంటాయి కానీ అన్నింటికీ ఏసీ లేదు, కరెంటు పోవచ్చు. జులై నుంచి సెప్టెంబరు దాకా కోనసీమ ట్రిప్ ఎవరడిగినా పెట్టను, గోదావరికి వరదొస్తే ఏటి మధ్య లంకల్లోకి నీళ్లొస్తాయి. ఒకేచోట రెండు రోజులంటే బోరు కొడుతుందనుకునేవాళ్లు ముందే చెప్పండి, సిటీ ట్రిప్పులు బాగా నడిపే ఒక మిత్రుడి నంబరు సంతోషంగా ఇస్తాను.

మొదటి ట్రిప్ నవంబరు రెండో శనివారం. సంక్రాంతి బ్యాచ్‌లో ఐదు సీట్లే మిగిలాయి. జగ్గన్నతోటలో చేల గట్ల మీద నడవాలి, ఈసారికి మంచి బూట్లు ఇంట్లోనే ఉంచి, చేత్తో పట్టుకోవడానికి వీలైన చెప్పులు వేసుకురండి.