పార్కింగ్ లైటు మసకబారితే ముందు ఎర్త్ చూడు

అమ్మలూ,

పాత కారుకి ఎడమ పార్కింగ్ లైటు మసగ్గా వెలుగుతోందనీ, కొత్త బల్బు వేసినా అంతేననీ రాశావు. ఇంకో బల్బు కొనకు. ఆ కాలపు చాలా కార్లలో లైటుకు వచ్చే తీగ ఒక్కటే. కరెంటు తిరిగి వెళ్లేది లైటు డొప్ప, దాని బోల్టు, కారు బాడీ మీదుగానే. బోల్టు కింద తుప్పు పట్టినా, పెయింటు దట్టంగా పడినా ఎర్త్ అనే ఆ తిరుగు దారి మూసుకుపోతుంది. రెండు ఫిలమెంట్ల బల్బయితే ఒక గుర్తుంది: ఇండికేటర్ వేసినప్పుడు పార్కింగ్ లైటు తీరు మారినా, డ్యాష్‌బోర్డులో సంబంధం లేని దీపం మినుకుమన్నా, ఎర్త్ దొరక్క కరెంటు పక్క ఫిలమెంటులోంచి దారి వెతుక్కుంటోందన్నమాట.

వోల్టులు కొలిచే మల్టీమీటర్‌తో తేల్చుకో. లైటు వెలుగుతుండగా ఒక ముల్లు బల్బు ఇత్తడి టోపీకి, రెండోది బ్యాటరీలో బాడీకి కలిపిన టెర్మినల్‌కి ఆనించు. 0.2 వోల్టు దాటితే లోపం ఎర్త్‌లోనే. నీది 6 వోల్టుల కారు, అందుకే ఇంత పట్టుబడుతున్నాను. 5 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 0.4 ఆంపియర్లు లాగితే, 6 వోల్టుల మీద 0.8 పైనే లాగుతుంది. దారిలో అర వోల్టు పోతే వెలుగులో పావు వంతు పోయినట్టే.

బ్యాటరీ ఎర్త్ కేబుల్ విప్పాకే పని మొదలుపెట్టు. బోల్టు ఆనే చోట ఎమెరీ పేపరుతో ఇనుము తళుక్కుమనేదాకా రుద్దు. హోల్డర్ లోపలి పచ్చటి చిలుమును చిన్న ఇత్తడి బ్రష్‌తో తీసెయ్. అడుగున స్ప్రింగు మెత్తబడితే మార్చాల్సిందే, బల్బును నొక్కి పట్టేది అదే. రిఫ్లెక్టర్ వెండిపూతను మాత్రం రుద్దకు, ఊడొస్తుంది. బిగించాక బోల్టు మీద పల్చగా వాజిలిన్ రాయి. రబ్బరు గాస్కెట్ పగిలి ఉంటే కొత్తది వెయ్యి, లేకపోతే వాన నీళ్లు దిగి మళ్లీ తుప్పే.

రెండు ఫిలమెంట్ల బల్బుకి పక్కనున్న చిన్న పిన్నులు ఎగుడుదిగుడుగా ఉంటాయి. తిరగేసి బలవంతంగా దూర్చొద్దు, ఫిలమెంట్లు తారుమారవుతాయి.

ఎల్‌ఈడీ వేద్దామంటున్నావు. పాత బ్రిటిష్ కార్లలో చాలావాటికి బాడీకి కలిపేది బ్యాటరీ ప్లస్ టెర్మినల్. మామూలు ఎల్‌ఈడీ వాటిలో ప్లస్, మైనస్ తిరగబడి వెలగదు. నీ కారుకి ఏది కలిపి ఉందో చూడకుండా కొనకు.

బిగించాక మళ్లీ కొలిచి, మీటరు ఎంత చూపించిందో రాయి.

నాన్న