మేడ సంగతి

చిరంజీవి చిన్నాకి అమ్మ ఆశీర్వదించి రాయునది.

రోజూ ఫోన్లో మాట్లాడుతూనే ఈ ఉత్తరమేంటని కంగారు పడకు. అందరం బాగానే ఉన్నాం. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా మీ నాన్నగారు పక్కనే మంచమ్మీద కూర్చుని వింటుంటారు. కొన్ని మాటలు నా నోటిదాకా వచ్చి ఆగిపోతున్నాయి. అందుకే ఆయన పొలం వెళ్లాక కూర్చుని రాస్తున్నాను. బడి మాస్టారు సాయంత్రం పడవెక్కేటప్పుడు ఇస్తే అవతల పోస్టులో వేస్తానన్నారు.

ముందు ఊరి కబుర్లు. కార్తీకమాసం కదా, తెల్లారకుండానే రేవంతా దీపాలు. వరద వెళ్లాక రేవులో మోకాలి లోతు ఒండ్రు పేరుకుంది. సోమవారం స్నానానికి దిగి మీ పెద్దమ్మ కాలు కూరుకుపోతే ఇద్దరం పట్టుకుని లాగాం. 2027లో పుష్కరాలొస్తాయి, అప్పటికి కొత్త మెట్లు వేస్తారులే అని ఎవరో అంటే, "ముందు ఒడ్డంటూ ఉంటే కదా మెట్లు వేయడానికి" అంది ఆవిడ, ఆ బురద కాళ్లతోనే. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకో కింద రాస్తాను.

పడవ తాత మనవడికి సంబంధం మళ్లీ తప్పింది. కుర్రాడు ఐటీఐ చదివాడు, కాకినాడలో పని, ఒక్క అలవాటు లేదు. పిల్ల తరఫువాళ్లు ఇంజన్ పడవెక్కి వచ్చారు, పనసపొట్టు కూర మారు వడ్డించుకుని తిన్నారు. తీరా వెళ్లేటప్పుడు, "రాత్రిపూట నొప్పులొస్తే ఎలా దాటిస్తారండీ?" అని అడిగారంట. తాత నోట మాట రాలేదట. వరద రోజుల్లో నెలలు నిండినవాళ్లని ముందే గట్టు మీద చుట్టాలింటికి పంపేస్తాం కదా, ఆ మాటైనా చెప్పి ఉండాల్సింది. ఏటి మధ్య లంకకి పిల్లనివ్వం అనేది ఇప్పుడు మొహమాటం లేకుండానే అంటున్నారు.

కొబ్బరి దింపు తీయించాం. తెల్లదోమ పట్టిన చెట్ల ఆకులు మసి పూసినట్టున్నాయి, కాయ చిన్నదైపోయింది. సగం కాయ కురిడీకని అటక మీద వేశారు. అంబాజీపేట మార్కెట్ ధర చూసుకుని అమ్ముతారట. పులస చేప ఈ ఏడాది మన గుమ్మం తొక్కలేదు. మన రేవులో పడ్డదాన్ని కూడా బయటివాళ్లే వేలం పాడుకుని పట్టుకుపోయారు.

ఇక అసలు సంగతి. వరదప్పుడు ఫోన్లో "మామూలే" అన్నాం కదా. నీళ్లు రావడం నిజంగా మామూలే. భద్రాచలంలో ఎన్ని అడుగులుందో టీవీలో చూసి, మనకి ఎప్పుడు ఎంత వస్తుందో మీ నాన్నగారు వేళ్ల మీదే లెక్క కట్టేస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులొచ్చి మొదటి హెచ్చరిక ఇచ్చేసరికే మన రేవు మునిగిపోయి ఉంటుంది. 2022 జూలైలో పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు గ్యాస్ పొయ్యి మంచం మీద పెట్టి వండాను. బియ్యం బస్తాలు అటకెక్కించింది నువ్వే. 1986లో ఇంకా ఎక్కువ, 35 లక్షలొచ్చిందని చెప్పి మీ తాతగారు రామాలయం గోడ మీద నీటి గుర్తు చూపించేవారు. వచ్చే నీళ్లంటే మనకి భయం లేదు.

భయమంతా లాగే నీళ్లతోనే. ఏరు నిండుగా ఉన్నన్నాళ్లూ ఆ నీళ్లే ఒడ్డుని ఆనుకుని నిలబెడతాయి. ఒక్కసారిగా తగ్గిందంటే, నానిన మట్టిలోంచి నీరు ఊరుతూ అడుగున ఇసుకని లాక్కుపోతుంది, పైన ఒడ్డు చీలుతుంది. ఈసారి వరద తీసిన మూడో రోజు రాత్రి దబ్బుమని చప్పుడైంది. కాయ రాలిందనుకుని మళ్లీ పడుకున్నాను. తెల్లారి చూస్తే ఏటి వైపు వరసలో ఏడు చెట్లు లేవు. మోటారు షెడ్డూ లేదు. మోటారు ముందే విప్పి తెచ్చారు కాబట్టి అదొక్కటీ దక్కింది. ఒక చెట్టు మొవ్వు మాత్రం రెండు రోజులు నీళ్లలో కనిపించింది, గెలలతో సహా. "వాడికి చెప్పకు, అక్కడ టెన్షన్ పడతాడు" అన్నారు మీ నాన్నగారు.

పాస్‌పుస్తకంలో మనకి ఇంకా 70 సెంట్లుంది. నేల మీద 50 కూడా లేదు. మిగతాది ఏట్లో ఉంది, దానికీ మనమే హక్కుదారులం! ఎదుటి పక్క కొత్తగా మేట వేసింది. సాయంత్రాలు మీ నాన్నగారు అటే చూస్తూ కూర్చుంటారు, చుట్టాలింట్లో మన గిన్నె కనబడినట్టు. రాళ్లు వేయించమని ఊరంతా సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. వచ్చి కొలుచుకెళ్లారు. రెండోసారి కొలవడానికొచ్చేసరికి మొదటిసారి పాతిన కొయ్య కూడా ఏట్లోకి పోయింది.

మొన్న నేనే కొలిచాను. మన పెరటి గోడ నుంచి ఒడ్డుకి నా అడుగులతో 110. నిరుడు 160 ఉండేది.

అందుకని నాన్నా, నువ్వు అనుకుంటున్న మేడ మీద గదికని లోను పెట్టొద్దు. ఆ డబ్బులుంటే గట్టు అవతల రెండు మూడు సెంట్లు స్థలం చూద్దాం. పొలం ఇక్కడే చేసుకోవచ్చు, పొద్దున్నే పడవెక్కి వస్తాం. మాస్టారు రోజూ రావడం లేదూ? మీ నాన్నగారి మాటలోనూ అబద్ధం లేదు. ఇంత ఒండ్రు నేల ఇంకెక్కడ దొరుకుతుంది, ఎరువు లేకుండా వంగ, బీర ఎలా విరగకాస్తున్నాయో చూడమంటారు. నేను నోరు తెరిస్తే పిరికిదాన్నంటారు. నువ్వు చెబితే వింటారు. అంటే, వినరు గానీ, ఆ పూట మాట్లాడకుండా ఆలోచిస్తారు. అదే చాలు.

సంక్రాంతికి వస్తావుగా. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభలకి నువ్వూ మీ నాన్నగారూ వెళ్తారు, తిరిగొచ్చే దారిలో ఈ మాట కదుపు. ఇంట్లో మాత్రం వద్దు, ఈ గోడలు చూస్తే ఆయనకి మొండితనం ఎక్కువవుతుంది. నేను రాశానని అసలు అనకు. చెట్ల సంగతి నువ్వొచ్చి చూశాకే తెలిసినట్టు అడుగు.

పడవ కేక వినిపిస్తోంది, మాస్టారు బయల్దేరినట్టున్నారు. వచ్చేటప్పుడు ఛార్జింగ్ టార్చి ఒకటి పట్టుకురా, పాతది వరదలో తడిసిపోయింది. కాస్త దూరం వెలుగు పడేది చూసి కొను.

మీ అమ్మ