ఫిష్ ఫైండర్ కొనబోతున్న మిత్రుడికి

భీమునిపట్నం,
మే మొదటి వారం.

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. అంతర్వేదిలో పాత ఫైబరు పడవ ఒకటి కొన్నావనీ, జూన్ 14న వేట నిషేధం ముగిసేలోపు దానికి చవకలో ఒక ఫిష్ ఫైండర్, అంటే నీటి లోతునూ అందులోని చేపలనూ తెర మీద చూపే యంత్రం, కూడా చూసుకోవాలనుకుంటున్నావనీ చదివి చాలా సంతోషించాను. కొత్త వలకని దాచుకున్న డబ్బులోంచి తీసి కొంటున్నావు కనుక అందులో ఒక్క రూపాయి కూడా వృథా కాకూడదన్న ఆరాటంతో, నాకు తెలిసినదంతా వివరంగా రాస్తున్నాను.

ఈ యంత్రంలో అసలు పని చేసేది తెర కాదు, నీళ్లలో మునిగి ఉండే ట్రాన్స్‌డ్యూసర్ అనే ముక్క. అది కిందికి శబ్దాన్ని పంపి, ఆ శబ్దం అడుగును తాకి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి లోతు లెక్క కడుతుంది. నీళ్లలో శబ్దం సెకనుకు దాదాపు 1500 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, 15 మీటర్ల లోతున వెళ్లి రావడానికి దానికి సెకనులో యాభయ్యో వంతు చాలు. మన పెద్దవాళ్లు సీసపు గుండు కట్టిన తాడు వదిలి బారల్లో (బార అంటే ఆరడుగులు) చెప్పిన లెక్కనే ఇది ఆగకుండా చెబుతూ ఉంటుంది.

దుకాణంలో తెర మీద రంగురంగుల చేప బొమ్మలు చూపిస్తారు. వాటిని చూసి మాత్రం కొనవద్దు. నేను మొదట కొన్న చిన్న యంత్రంలో కూడా ఆ బొమ్మలు ఉండేవి. మొదటి రోజు తెర నిండా చేపలే కనబడితే రెండు గంటలపాటు గాలాలు వేసి కూర్చున్నాను, ఒక్క కానాగంత కూడా పడలేదు. ఇంజను వెనక లేచే గాలి బుడగలనూ, నీళ్లలో తేలే చెత్తనూ కూడా అది చేపలనే చూపిస్తోందని తరువాత అర్థమైంది. బొమ్మలు తీసివేసే ఏర్పాటు ఉన్న యంత్రమే కొను, కొన్న రోజే వాటిని తీసివెయ్యి. అప్పుడు తెర మీద అసలు ప్రతిధ్వని కనబడుతుంది. చేప కడుపులోని గాలితిత్తి శబ్దాన్ని గట్టిగా వెనక్కు కొడుతుంది. పడవ దాని మీదుగా సాగేటప్పుడు ఇద్దరి మధ్య దూరం ముందు తగ్గి, తరువాత పెరుగుతుంది కనుక ఆ గుర్తు విల్లులా వంగి కనబడుతుంది. అడుగు గట్టి రాయి అయితే గీత ప్రకాశవంతంగా ఉండి, ఒక్కొక్కసారి దాని కింద రెట్టింపు లోతులో రెండో గీత కూడా వస్తుంది. మెత్తటి బురద అయితే గీత నీరసంగా ఉంటుంది. ఇంకొక మాట మరిచిపోకు. తెర కుడి అంచున ఉన్నదే ఈ క్షణం, ఎడమకు జరిగినదంతా మనం దాటి వచ్చినది. ముందున్న నీటిలో ఏముందో మన వంటి వాళ్లు కొనే యంత్రం చూపదు.

ఇక శబ్దం ఫ్రీక్వెన్సీ, అంటే అది సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్న సంగతి. 200 కిలోహెర్ట్జ్ శబ్దం తక్కువ లోతులో వివరంగా చూపుతుంది, 50 కిలోహెర్ట్జ్ శబ్దం చాలా లోతుకు దిగుతుంది కాని అంత వివరం ఇవ్వదు. నువ్వు ఒడ్డుకు దగ్గరలో, ఇరవై బారల లోపు నీళ్లలోనే వేటాడతానన్నావు కనుక నీకు 200 చాలు. ఆ శబ్దం గరాటులా విచ్చుకుంటూ దిగుతుందని కూడా గుర్తుంచుకో. 20 డిగ్రీల కోణం ఉన్నది 15 మీటర్ల లోతున ఐదు మీటర్ల వెడల్పు నేలను చూస్తే, 60 డిగ్రీలది పదిహేడు మీటర్లకు పైగా చూస్తుంది. వెడల్పుగా చూసేదానికి చేప త్వరగా చిక్కుతుంది, కాని అది సరిగ్గా ఎక్కడుందో తెలియదు. రాతి గుట్టల అంచులు వెతకాలంటే సన్నని కోణమే మేలు. పెట్టె మీద రాసిన గరిష్ఠ లోతును చూసి మురిసిపోకు. గార్మిన్ స్ట్రైకర్ 4 అనే చిన్న యంత్రానికి మంచినీటిలో 1600 అడుగులని చెప్పే ఆ కంపెనీయే ఉప్పునీటిలో 750 అడుగులని చెబుతుంది, ఎందుకంటే ఉప్పునీరు శబ్దాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. గోదావరి వరద సమయంలో మీ వైపు ఎర్రనీరు సముద్రంలో కలిసినప్పుడు, ఆ మట్టి వల్ల తెర మరింత మసకబారుతుంది.

గాలానికి కట్టి విసిరే బంతి రకం గురించి కూడా అడిగావు. డీపర్ అనే పేరుతో అమ్మే బంతి వంటివి ఫోనుకు వైఫై ద్వారా బొమ్మ పంపుతాయి. చెరువు గట్టున నిలబడి బొచ్చె కోసమో వాలుగ కోసమో చూసేవారికి అంతకంటే మంచిది లేదు. సముద్రంలో పడవ మీద మాత్రం నేను వద్దనే అంటాను. వైఫై తరంగం నీటిని దాటలేదు, బంతి అల చాటుకు వెళ్లిన ప్రతిసారీ బొమ్మ తెగిపోతుంది. పైగా మధ్యాహ్నపు ఎండలో ఫోను తెర కనబడదు, తడి చేతులతో దాన్ని నొక్కడం సాధ్యం కాదు.

కాబట్టి తీగ ఉన్న యంత్రమే తీసుకో, అందులో జీపీఎస్ ఉండేలా చూసుకో. తెర చిన్నదైనా ఫరవాలేదు. చేప ఈరోజు ఉండి రేపు పోతుంది, కాని వంజరం తిరిగే రాతి గుట్టను ఒకసారి గుర్తు పెట్టుకుంటే మళ్లీ నేరుగా అక్కడికే వెళ్లవచ్చు. కొండనూ గుడి గోపురాన్నీ వరుసలో పెట్టుకుని చోటు గుర్తుంచుకునే మన పద్ధతి మబ్బు పట్టిన రోజున పనికిరాదు కదా. స్ట్రైకర్ 4లో ఈ సదుపాయం ఉంది, సముద్రపు మ్యాపు మాత్రం ఉండదు. నీకు మ్యాపు అవసరమూ లేదు. నా ఓటు దానికే, లేదా దాని వంటి మరొకదానికే.

బిగించే పద్ధతిలోనే చాలామంది నష్టపోతున్నారు. రబ్బరు చూషణంతో పడవకు అతికించే ట్రాన్స్‌డ్యూసర్ నాది ఒడ్డు అలల్లో ఊడి, తీగ మీద వేలాడుతూ ఇంజను ఫ్యాను పక్కకు వచ్చింది. అప్పటినుంచి ఒక వెదురు కర్ర చివర దాన్ని బిగించి, ఆ కర్రను పడవ పక్కన ఇనుప క్లాంపుతో పట్టిస్తున్నాను. ఫ్యానుకు దూరంగా, బుడగలు రాని చోట, ముఖం సరిగ్గా కిందికి ఉండేలా పెట్టాలి. ఫైబరు లోపలి వైపునే అతికిస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకు, పొరల మధ్య ఫోము ఉంటే శబ్దం దాటదు. విద్యుత్తుకు యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల బ్యాటరీ చాలు. అంత చిన్న యంత్రం పావు ఆంపియరుకు మించి తీసుకోదు కనుక ఒక పగలూ ఒక రాత్రీ నిశ్చింతగా నడుస్తుంది. బ్యాటరీనీ యంత్రాన్నీ మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో అమర్చుకుంటే, పడవను ఇసుక మీదికి లాగిన తరువాత చేతిలో పట్టుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. ఐపీఎక్స్7 అని రాసి ఉన్నది మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుందే కాని, ఉప్పును తట్టుకుంటుందని ఎవరూ చెప్పలేదు. నా పాత యంత్రం ప్లగ్గులో పచ్చటి చిలుము పట్టి పిన్నులు రెండు నెలల్లోనే తినుకుపోయాయి. రోజూ మంచినీటిలో తడిపిన గుడ్డతో తుడిచి ఆరబెట్టు.

కొత్త యంత్రాన్ని నేను ఇక్కడ గోస్తనీ నది ముఖంలో, తెడ్లతో పడవ నడుపుకుంటూ పరీక్షించుకున్నాను. నిరుడు నిషేధం ఎత్తివేశాక సముద్రం మీదికి వెళ్లిన తొలి రోజున తెర 14.6 మీటర్లని చూపగానే పక్కనే గుండు తాడు వదిలాను, సరిగ్గా ఎనిమిది బారలు దిగింది. నువ్వూ అలాగే చూసుకున్న తరువాతే దాన్ని నమ్ము. నిషేధం అయ్యాక హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం వాళ్లు ఉచితంగా ఇచ్చే చేపల జాడ సూచనలను కూడా రోజూ చూడు. ఉపగ్రహం చూసిన నీటి వేడినీ, నాచు పచ్చదనాన్నీ బట్టి ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత లోతులో వెతకాలో అందులో ఉంటుంది. అక్కడికి చేరిన తరువాత నీ చేతిలోని ఈ యంత్రం మిగతా పని చేస్తుంది.

కొనే ముందు ట్రాన్స్‌డ్యూసర్ కోణమూ, తీగ పొడవూ నాకు రాసి పంపు. కర్రకు క్లాంపు ఇక్కడి కమ్మరి చేత చేయించి, వచ్చే వారం బస్సులో పంపిస్తాను. నీ పడవ అంచు మందం ఎంతో కొలిచి చెప్పు.

నీ స్నేహితుడు