రేవు పాటలో ఇంజను మాటేదీ?

సంపాదకులు గారికి నమస్కారం.

ఇటీవల మీ జిల్లా పేజీలో మా కోనసీమ లంకల్లోని పడవ రేవు సంగతి వేశారు. ఏటి మధ్యలో ఇంజను ఆగిపోయి పడవ దిగువకు కొట్టుకుపోయిందనీ, ఇసుక మేట తగిలి ఆగబట్టి జనం బతికి బయటపడ్డారనీ రాశారు. అంతవరకూ నిజమే. ఇంజనుకు కాలం చెల్లడమే కారణమని అధికారులు తేల్చినట్టు కింద ఉంది. అది చదివిన రోజే రాద్దామనుకున్నాను. కోపంలో రాయకూడదని ఆగాను. పది రోజులైనా ఆ కోపం తగ్గలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

నేను 38 ఏళ్లుగా ఆయిలింజన్లు బాగుచేస్తున్నాను. మొదట పొలాల్లో నీళ్లు తోడే ఇంజన్లు, తరవాత పడవలవి, పంటులవి. మీరు రాసిన ఆ ఇంజను నాకు బాగా తెలుసు. దాని లైనరు, పిస్టను, రింగులు నా చేత్తోనే రెండుసార్లు మార్చాను. బరువైన ఇనుము, నెమ్మదిగా తిరిగే ఇంజను. బ్యాటరీ చచ్చినా హ్యాండిలు తిప్పితే స్టార్టవుతుంది. అలాంటి దానికి డీజిలు శుభ్రంగా, నీళ్లు చల్లగా, ఆయిలు వేళకు అందితే మన పిల్లల కాలం దాకా తిరుగుతుంది. వయసు మీద నేరం మోపి చేతులు దులుపుకోవడం తేలిక. ఆ రోజు అసలేం జరిగిందో ఆ మూత ఎత్తి చూసినవాళ్లు ఎవరున్నారు?

నేను చూశాను. మర్నాడు పొద్దున్నే పడవ నడిపే సరంగు కుర్రాడు వచ్చి, "బాబాయ్, ఒక్కసారి రండి" అని బతిమాలితే వెళ్లాను. ముందు ఆయిలు గేజి పుల్ల తీశాను. నల్లగా ఉండాల్సిన ఆయిలు పాలెక్కువైన టీ రంగులో ఉంది. అంటే నీళ్లు కలిశాయి. ఇంజను పైభాగం, అదే హెడ్డు విప్పితే, దాని కింద నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే గాస్కెట్ ఒక పక్క కాలిపోయింది. అది ఊరికే కాలదు, ఎక్కువగా ఇంజను విపరీతంగా వేడెక్కితేనే కాలుతుంది. ఎందుకు వేడెక్కిందో చూద్దామని నీళ్ల పంపు విప్పాను. లోపల ఆరు రెక్కల రబ్బరు చక్రం ఉండాలి. రెండు రెక్కలే ఉన్నాయి. మిగతా నాలుగూ ముక్కలై ముందున్న గొట్టంలో ఇరుక్కున్నాయి. వాటికి చుట్టుకుని నల్లటి జుట్టులా గుర్రపుడెక్క వేళ్లు. నది నీళ్లు లోపలికి వచ్చే చోట ఉండాల్సిన జాలీ ఏదని అడిగాను. మాటిమాటికీ అడ్డుపడుతోందని తీసి పక్కన పెట్టేశారట. ఆరు నెలలైంది.

ఇందులో ఇంజను తప్పు ఎక్కడుందో చెప్పండి. కాలవల్లోంచి కొట్టుకొచ్చే గుర్రపుడెక్కను ఆపడానికే ఆ జాలీ పెట్టారు. దాన్ని రోజూ పొద్దున్నే తీసి కడగాలి, అయిదు నిమిషాల పని. ఆషాఢ శ్రావణాల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు ఆ నీళ్ల నిండా ఒండ్రే. అది రబ్బరు చక్రాన్ని ఆకురాయిలా అరగదీస్తుంది. వరదల సీజను దాటగానే చక్రం మార్చుకోవాలి. అది కొనడానికి వేలకు వేలు అక్కర్లేదు. దాన్ని మార్చనందుకు గాస్కెట్ పోయింది, బేరింగులు పోయాయి, ఇంకొంచెం ఉంటే మనుషులు పోయేవారు.

ఇంకో మాట ప్రయాణికులకు కూడా చెబుతున్నాను, దయచేసి వేయండి. ఇలా నది నీళ్లతో చల్లబడే ఇంజనుకు పడవ పక్కన గొట్టంలోంచి నీళ్ల ధార పడుతూ ఉంటుంది. ఇంజను నడుస్తున్నంతసేపూ ఆ ధార నిండుగా పడాలి. అది సన్నబడినా, నీళ్లు తగ్గి ఆవిరి ఎక్కువైనా లోపల ప్రాణం మీదికి వస్తోందని అర్థం. ఆ పడవ ధార నెల రోజులుగా సన్నగా పడుతోందని రోజూ దాటే పాలవాళ్లకు తెలుసు. ఎవరికి చెప్పాలో మాత్రం వాళ్లకు తెలియదు. రేవులో బోర్డు లేదు, ఫోను నంబరు లేదు.

గాలీ కెరటం ఎక్కువగా ఉన్న రోజే ఇంజన్లు ఆగుతాయని, అది గంగమ్మ తల్లి కోపమని మా లంకల్లో అనుకుంటారు. తల్లి మీద భక్తి నాకూ ఉంది. కానీ సగం ఖాళీగా ఉన్న డీజిలు ట్యాంకులో తేమ చేరి నీళ్లవుతుంది, ఆ నీళ్లూ మడ్డీ అడుగున పేరుకుంటాయి. ఏరు నిలకడగా ఉన్నన్నాళ్లూ అవి కదలవు. పడవ ఊగగానే మడ్డి లేచి పైపులోకి, అక్కణ్నుంచి ఫిల్టరులోకి వెళ్లి అడ్డంపడుతుంది. ఇంజను దగ్గుతుంది, ఆగుతుంది. సరిగ్గా అది ఆగకూడని చోటే ఆగుతుంది. ట్యాంకు అడుగున్న కుళాయి వారానికోసారి తిప్పి నీళ్లు వదిలేస్తే ఈ బాధ ఉండదు. అలాగే ఫిల్టరు మార్చిన తరవాత లైనులో గాలి పూర్తిగా తీయకుండా బయలుదేరితే, రేవులో బాగానే స్టార్టయి నడి ఏట్లో ఆగిపోతుంది. నలభై మందిని ఎక్కించుకునే ముందు పది నిమిషాలు ఊరికే నడిపి చూసే ఓపిక మన రేవుల్లో ఎవరికుంది?

పాత ఇంజన్లన్నీ బంగారమని నేను అనడం లేదు. కింద అంతర్వేది వైపు, పోటు నీళ్లు ఎక్కే చోట నడిచే ఇంజన్లకు ఉప్పు పట్టి లోపలి నీటి దారులు పుచ్చిపోతాయి, పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. స్పేరు పార్టు దొరక్క లేతు మిషను మీద చేయించుకున్న ముక్కలతో నెట్టుకొచ్చేవీ ఉన్నాయి. అలాంటివి తీసేయాల్సిందే. ఏది ఉంచాలో ఏది తీసేయాలో విప్పి చూస్తేనే తెలుస్తుంది, కాగితం మీద తయారైన సంవత్సరం చూస్తే తెలియదు.

అసలు జబ్బు రేవు పాటలో ఉంది. మా రేవుకు ఏడాదికి పాట, అంటే వేలం. ఎక్కువ పాడినవాడిదే రేవు. పాడిన సొమ్ము ఆ ఏడాదిలోనే రాబట్టుకోవాలి. వచ్చే ఏడు రేవు తనది అవుతుందో లేదో తెలియనివాడు ఇంజను మీద ఎందుకు ఖర్చు పెడతాడు? పడవ పంకాను తిప్పే షాఫ్టు బయటికి వెళ్లే చోట నీళ్లు లోపలికి రాకుండా గ్లాండు ఉంటుంది. ఆ గ్లాండులో తాడు అరిగి నీళ్లు కారుతుంటే నట్టు ఇంకాస్త బిగించమంటాడు. నిమిషానికి నాలుగైదు చుక్కలు పడాలి, అదే ఆ షాఫ్టుకు చల్లదనం. మొత్తం బిగిస్తే షాఫ్టు కాలి గాడి పడుతుంది. సరంగుకు ఇది తెలుసు. కానీ అతనిది రోజు కూలి. పడవ ఆపితే ఆ రోజు కూలి లేదు, మర్నాడు ఉద్యోగం లేదు. జరిగాక పోలీసులు పట్టుకెళ్లింది మాత్రం ఆ కుర్రాణ్ణే. పాటదారు దగ్గరికి ఎవరూ వెళ్లలేదు, పాట పెట్టి సొమ్ము తీసుకున్నవాళ్ల సంగతి అడగనే అక్కర్లేదు.

2018 జూలై 14న పశువుల్లంక దగ్గర పడవ తిరగబడి బడి పిల్లలు కొట్టుకుపోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర దాదాపు 50 మంది పోయారు, ఆ బోటును పైకి తీయడానికి అక్టోబరు 22 దాకా పట్టింది. వాటి కారణాలు వేరు, ఇంజను మీదికి నెట్టను. కానీ ఆ తరవాత జరిగింది మాత్రం ఒకటే. పడవలన్నీ ఆపేశారు, కమిటీలన్నారు, కంట్రోల్ రూములన్నారు, లైఫ్ జాకెట్లు తెచ్చారు. నదుల్లో, కాలవల్లో తిరిగే పడవలకున్న 1917 నాటి చట్టం పోయి 2021లో కొత్త ఇన్లాండ్ వెసల్స్ చట్టం వచ్చింది. రిజిస్ట్రేషను, సర్వే అన్నీ అందులో ఉన్నాయి. మా రేవుకు తనిఖీకి వచ్చినవాళ్లు జాకెట్లు లెక్కపెట్టుకుని, పడవ పక్కన నిలబడి ఫొటో తీసుకుని వెళ్లారు. ఆ జాకెట్లు ఇప్పటికీ పైకప్పుకు కట్టిన తాడు ముడి విప్పకుండా ఎండకు వెలిసిపోతున్నాయి. ఇంజను గదిలోకి తల పెట్టినవాళ్లు ఒక్కరూ లేరు.

పెట్టినా తెలిసేదెవరికి అన్నది ఇంకో బాధ. నా దగ్గర పని నేర్చుకోవడానికి ఎనిమిదేళ్లుగా ఒక్క కుర్రాడూ రాలేదు. ఐటీఐ చదివిన పిల్లల్ని అడిగాను, కారు ఇంజను తెలుసు, మోటారు సైకిలు తెలుసు, పడవ ఇంజను షాఫ్టుతో ఎలా కలుస్తుందో చూడలేదంటారు. చెక్క పడవను గట్టెక్కించి మళ్లీ ఏట్లోకి దింపితే దాని ఒళ్లు కొంచెం మారుతుంది, ఇంజనుకూ షాఫ్టుకూ వరస తప్పుతుంది, అప్పుడు కప్లింగు బోల్టులు విప్పి సరిచూసుకోవాలి. ఈ మాట చెప్పేవాళ్లు నా ఎరికలో ఇద్దరో ముగ్గురో మిగిలారు, అందరమూ అరవై దాటినవాళ్లమే. ఇన్ని పాయలు, ఇన్ని లంకలు ఉన్న జిల్లాలకు ఈ పని నేర్పే బడి ఒక్కటి ఉండొద్దా?

వంతెన వస్తే పడవ గోల ఉండదు కదా అనే నాయకులకు ఒక మాట. వంతెనలు రావాలి, అందరికన్నా ముందు సంతోషించేది నేనే. కానీ 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా లంకల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ముసలివాళ్లనూ, బాలింతలనూ, దూడలనూ గట్టుకు చేర్చినవి ఈ ఇంజన్ పడవలే. ఆ నాలుగు రోజులూ నేను డబ్బాలో రెండు ఫిల్టర్లు, ఒక రబ్బరు చక్రం, స్పానర్లు పెట్టుకుని పడవలోనే ఉన్నాను. ఒక్కసారి కూడా ఇంజను ఆగలేదు. మీ పత్రికలో కాలం చెల్లిందని రాసిన ఇంజను అందులో ఒకటి.

మా రేవుకు కొత్త పాట నోటీసు వచ్చింది, పంచాయతీ గోడకు అంటించారు. చదివాను. డిపాజిట్టు ఎంత, వాయిదాలు ఎన్ని, మనిషికి ఎంత, మోటారు సైకిలుకు ఎంత అని పద్దెనిమిది షరతులున్నాయి. ఇంజను అన్న మాట ఒక్క చోట కూడా లేదు. పాటకు ఇంకా మూడు వారాలుంది. జాలీ, రబ్బరు చక్రం, ఫిల్టరు, గ్లాండు, ఆయిలు ఈ అయిదూ పాటదారు ప్రతి నెలా చూపించి పుస్తకంలో సంతకం చేయించుకోవాలని ఒక్క షరతు కలపమని అధికారులను కోరుతున్నాను. చూసి సంతకం పెట్టే మనిషి దొరకడంటే నేను వస్తాను. నాకు డబ్బులు వద్దు, ఏటికి ఆ ఒడ్డున దింపి, మళ్లీ ఈ ఒడ్డుకు తెస్తే చాలు.

ఇట్లు,
ఒక ఆయిలింజను మెకానిక్కు,
కోనసీమ లంకల నుంచి
(పనికి ఇబ్బంది వస్తుంది కనుక పేరు, ఊరు వేయవద్దని మనవి)