చీము ఆగితే చాలదు, వినికిడి కూడా చూడాలి

సంపాదకులకు నమస్కారం.

పిల్లల చెవి కారడాన్ని మన శ్రీకాకుళం జిల్లాలో ఇప్పటికీ చాలామంది జబ్బు కింద లెక్కపెట్టడం లేదు. వానాకాలంలో జలుబు చేస్తుంది, రాత్రి చెవిపోటని పిల్ల ఏడుస్తుంది, తెల్లారేసరికి దిండు మీద చీము మరక కనబడుతుంది, పోటు తగ్గిపోతుంది. తగ్గింది కదా అని ఇంట్లో అందరూ ఊరుకుంటారు. నిజానికి లోపల నిండిన చీము కర్ణభేరిని చీల్చుకుని బయటికి రావడం వల్లే ఆ పోటు తగ్గుతుంది. అలా పడిన చిల్లు చాలామంది పిల్లల్లో దానంతట అదే పూడుకుంటుంది గాని, పదే పదే ఇలా జరిగే పిల్లల్లో కొందరికి పూడకుండా ఉండిపోయి, స్నానం చేసినా చెరువులో మునిగినా చెవి మళ్లీ కారడం మొదలవుతుంది.

మా అమ్మాయి మూడో తరగతి చదువుతోంది. అంగన్‌వాడీకి వెళ్లే రోజుల నుంచీ తన ఎడమ చెవి కారుతూ, ఆగుతూ ఉంది. చూపించిన ప్రతిచోటా చెవిలోకి లైటు వేసి చూసి, యాంటీబయాటిక్ సిరప్పూ చుక్కల మందూ రాశారు, చీము ఆగింది. ఆ మందులు తప్పని నేను అనడం లేదు, వాటివల్లే పిల్లకు ఉపశమనం కలిగింది. అయితే ఈ చెవే ఎందుకు మళ్లీ మళ్లీ కారుతోందని గాని, ఈ పిల్లకు అసలు ఎంత వినబడుతోందని గాని ఎవరూ ఆలోచించలేదు. పాత చీటీలు చూపించబోతే పక్కన పెట్టి కొత్త చీటీ రాసేవారు. చివరికి తేడా కనిపెట్టింది బడిలో టీచరు గారు. ఉక్తలేఖనంలో ‘చెప్పు’ అంటే ‘చెట్టు’ అనీ, ‘పాట’ అంటే ‘పాప’ అనీ రాసిన నోటుపుస్తకం నాకు చూపించి, చూచిరాతలో ఒక్క తప్పు కూడా రాయని పిల్ల చెప్పి రాయిస్తేనే ఎందుకు తప్పుతోందో ఆలోచించమన్నారు.

ఆ మాట మీద విశాఖపట్నం తీసుకెళ్లి వినికిడి పరీక్ష చేయించాం. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. కుడి చెవికి వెంటవెంటనే చెయ్యెత్తిన పిల్ల, ఎడమ చెవి వంతు వచ్చేసరికి పరీక్ష చేస్తున్న ఆవిడ మొహంలోకి చూస్తూ కూర్చుంది. సూది లేదు, నొప్పి లేదు, అరగంట కూడా పట్టలేదు. ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్లు (టాన్సిల్స్ లాంటి మెత్తని కండ) పెరిగి, చెవికి గాలి అందించే గొట్టాన్ని అడ్డుకుంటున్నాయని డాక్టరు గారు చెప్పారు. ఇప్పుడు తనకు సరైన వైద్యం జరుగుతోంది. అరగంట పరీక్ష కోసం ఏళ్ల తరబడి ఆగవలసి రావడమే నా బాధ.

ముక్కు వెనక భాగం నుంచి మధ్య చెవికి వెళ్లే ఆ గొట్టం చిన్నపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది కనుక జలుబు తేలిగ్గా చెవికి పాకుతుంది. రెండు వారాలు దాటినా కారుతున్న చెవిని ఈఎన్‌టీ (చెవి, ముక్కు, గొంతు) వైద్యులకు చూపించి తీరాలి. అశ్రద్ధ చేస్తే చెవి వెనక ఎముకకూ, అరుదుగా మెదడుకూ చీము చేరవచ్చు. ఇంత ప్రమాదం ఉన్న చోట ఇంకా వెల్లుల్లి కాచిన నూనె, ఆకు పసర్లు పోస్తున్నారు. కర్ణభేరికి చిల్లు ఉన్నప్పుడు కొన్ని రకాల చుక్కల మందులే లోపలి చెవికి హాని చేయగలవు కాబట్టి, పాత సీసా చూపించి మందుల షాపులో మరొకటి కొనుక్కోవడం కూడా మంచిది కాదు. ఏ నొప్పీ, చీమూ లేకుండానే కర్ణభేరి వెనక జిగట నీరు చేరి వినికిడి మందగించే పిల్లలు కూడా ఉంటారు. టీవీకి దగ్గరగా జరిగి కూర్చునే పిల్లను, పిలిస్తే పలకని పిల్లను మొండిదని కొట్టకముందు చెవి చూపించాలని తల్లిదండ్రులను వేడుకుంటున్నాను.

చెవిటితనం నివారణకు జాతీయ కార్యక్రమం 2006-07లోనే మొదలైంది. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేయడానికి 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్షించవలసిన వాటిలో చెవిలో చీము, వినికిడి లోపం రెండూ ఉన్నాయి. కాబట్టి కొత్త పథకం ఏదీ అడగడం లేదు. ఆ కార్యక్రమం కింద బడికి వచ్చే వైద్య బృందం ‘ఈఎన్‌టీకి చూపించాలి’ అని చీటీ రాసిస్తే, ఆ చీటీ పట్టుకుని ఇచ్ఛాపురం నుంచి నూరు కిలోమీటర్లు దాటి జిల్లా కేంద్రానికి రావడానికి కూలి మానుకోవలసిన తల్లి ఆగిపోతుంది. ఆ పిల్ల వెళ్లిందా లేదా అని తిరిగి చూసేవారు ఉండాలి. మన జిల్లాలోనే ఉద్దానం ప్రాంతపు కిడ్నీ బాధితుల గోడు ఎన్నో ఏళ్లు వినిపించిన తర్వాత 2023 డిసెంబరులో పలాసకు 200 పడకల ఆసుపత్రి వచ్చింది. చెవి కారడం ప్రాణం మీదికి రావడం అరుదు కనుక దాని గోడు అంత దూరం వినబడదు, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

టెక్కలి, పలాస, నరసన్నపేట వంటి చోట్ల ప్రభుత్వ ఆసుపత్రులలో వారానికి ఒక నిర్ణీత రోజున ఈఎన్‌టీ వైద్యులూ, వినికిడి పరీక్ష చేసే ఆడియోమెట్రిస్టూ తప్పనిసరిగా ఉండేలా చూడాలి. అది ఏ రోజో బడి నోటీసు బోర్డు మీద, అంగన్‌వాడీ గోడ మీద రాసి ఉంచాలి. ఒకే పిల్ల ఏడాదిలో మూడోసారి చెవి కారి వస్తే వినికిడి పరీక్ష చేయకుండా పంపరాదని ఓపీలో నియమం పెట్టాలి. జిల్లా కలెక్టరు గారు, వైద్యారోగ్య శాఖ అధికారులు ఈ విషయం పరిశీలించి, ఈ వానాకాలం ముగిసేలోగా తేదీలు ప్రకటించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక విద్యార్థిని తల్లి, శ్రీకాకుళం జిల్లా