డిమ్ వేసినా కళ్లలోకే కొడుతున్న హెడ్‌లైట్లు

సంపాదకుల వారికి,

రాత్రివేళ హైబీమ్ వేసుకుని తిరిగే వాహనదారులను ఉపేక్షించేది లేదన్న హెచ్చరికను మీ నగర పేజీలో ప్రముఖంగా ప్రచురించి పది రోజులైంది. ఎవరైనా అసలు సంగతి రాస్తారేమోనని ఇన్నాళ్లూ ఎదురుచూశాను. ఎవరూ రాయలేదు కనుక నేనే రాస్తున్నాను. నేను గమనించినంతలో ఈ నగరంలో మన కళ్లు చెదరగొట్టే కార్లలో సగానికి సగం హైబీమ్‌లో ఉండవు. డ్రైవరు బుద్ధిగా డిమ్‌లోనే నడుపుతుంటాడు. దీపమే ఆకాశం వంక చూస్తుంటుంది. అలాంటి వాడిని ఆపి హైబీమ్ తగ్గించమంటే అతడు దేన్ని తగ్గించాలి?

ఒక పాలిటెక్నిక్ కళాశాలలో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. ఇతరుల తప్పు కంటే ముందు నా కారు సంగతి చెప్పుకోవడం న్యాయం. మొన్న వేసవిలో బంపర్ పగిలితే మా ప్రాంతంలోని ఒక సర్వీసు కేంద్రంలో ఇచ్చాను. కడిగి, తుడిచి, లోపల అత్తరు కూడా చల్లి తిరిగి ఇచ్చారు. ఆ రాత్రి ఉప్పల్ నుంచి నాచారం చేరేలోగా ఎదురొచ్చిన వాళ్లలో నలుగురు నాకు డిప్పర్ కొట్టారు, అంటే లైటు తగ్గించమని తమ లైట్లను ఆర్పి వెలిగించారు. నేను డిమ్‌లోనే ఉన్నానని చూసుకుని, వాళ్ల సంస్కారాన్ని మనసులో తిట్టుకున్నాను కూడా. మర్నాడు వెళ్లి అడిగితే ఆ కుర్రవాడు ఎంతో ఆప్యాయంగా, "జర లేపి పెట్టిన సార్, దూరం దాకా కొడ్తది" అన్నాడు. వాళ్లిచ్చిన కాగితంలో హెడ్‌లైట్ల అమరిక అన్న గడిలో మాత్రం చక్కగా టిక్కు పెట్టి ఉంది.

లేపి పెట్టడమంటే ఏమిటో లెక్క వేసి చూద్దాం. మామూలు కారు దీపం నేలకు 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. సరిగ్గా అమర్చిన డిమ్ వెలుగు పై అంచు ఒక శాతం వాలుతో, అంటే ప్రతి 10 మీటర్లకు 10 సెంటీమీటర్ల చొప్పున కిందికి దిగుతూ 65 మీటర్ల దూరాన రోడ్డును తాకుతుంది. అదే దీపం ఒక శాతం పైకి తిరిగి ఉంటే 50 మీటర్ల దూరం వెళ్లేసరికి ఆ అంచు 115 సెంటీమీటర్ల ఎత్తుకు చేరుతుంది. చిన్న కారులో కూర్చున్న డ్రైవరు కళ్లు ఉండేది ఇంచుమించు ఆ ఎత్తులోనే. ఈ రెండు స్థితులకూ మధ్య తేడా ఒక డిగ్రీ కన్నా కొంచెం ఎక్కువ, అంతే; దీపం వెనక ఉండే మరను కాస్త తిప్పితే వచ్చే తేడా. అరవై దాటిన నావంటి వాళ్లకు అలా ఒకసారి కొట్టిన వెలుగు నుంచి చూపు తేరుకోవడానికి పట్టే సమయంలో రోడ్డు దాటే మనిషి గాని, గుంత గాని, నడిరోడ్డు మీద పడుకున్న గేదె గాని కనిపించదు.

దీన్ని సరిచేయడానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు, సమతలమైన నేల, ఎదురుగా ఒక గోడ చాలు. (హైదరాబాదులో సమతలమైన నేల దొరకడం అపార్ట్‌మెంట్ సెల్లార్లలో మాత్రమే సాధ్యమని అనుభవం మీద చెబుతున్నాను.) టైర్లలో గాలి సరిచూసి, డ్రైవరు సీట్లో మనిషిని కూర్చోబెట్టి, స్టీరింగు పక్కన దీపాల ఎత్తు మార్చే చక్రం ఉంటే దాన్ని సున్నా దగ్గర ఉంచాలి. చాలామందికి ఆ చక్రం ఎందుకుందో తెలియదు. వెనక సీట్లలో నలుగురు ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా పడి ముందు భాగం పైకి లేచినప్పుడు దీపాలను దించుకోవడానికే అది. తర్వాత కారును గోడకు ఆనించినంత దగ్గరగా తెచ్చి రెండు దీపాల నడిబిందువులను గోడ మీద టేపుతో గుర్తు పెట్టి, తిన్నగా 5 మీటర్లు వెనక్కి తీసుకెళ్లి డిమ్ వేయాలి. ఒక దీపాన్ని గుడ్డతో కప్పి రెండోదాన్ని చూస్తే, వెలుగు పై అంచు ఆ గుర్తు కంటే సుమారు 5 సెంటీమీటర్లు కిందుండాలి. మనం రోడ్డుకు ఎడమవైపున నడుపుతాం కనుక ఆ అంచు కుడివైపున అడ్డంగా కోసినట్టు ఉండి, ఎడమవైపున మాత్రం కాలిబాట కనిపించేలా పైకి లేస్తుంది. చాలా కార్లకు ఎంత శాతం దించాలో దీపం మీదో, బానెట్ కిందో ముద్రించే ఉంటారు. ఇదంతా చేయడానికి నాకు అరగంట పట్టింది.

ఇక బల్బుల వ్యాపారం వేరే కథ. 60/55 వాట్ల (హైబీమ్‌కు 60, డిమ్‌కు 55) హాలోజన్ బల్బు కోసం తయారైన గిన్నెలో, అంటే దీపంలో వెలుగును ముందుకు మళ్లించే అద్దపు పళ్లెంలో, 100/90 వాట్లది, లేదా చవక ఎల్‌ఈడీ బిగించి అమ్ముతున్నారు. హాలోజన్ బల్బులో తీగ ఉండే చోటును బట్టే ఆ గిన్నె వంపును లెక్కగట్టారు. వెలుగు పుట్టే చోటు మారితే అంచు చెదిరిపోతుంది. ఆ తర్వాత మరను ఎంత తిప్పినా ఫోకస్ కుదరదు. ఢీకొట్టినప్పుడు విరిగిన దీపం క్లిప్పులను ఎం-సీల్‌తో అతికించి తిరిగేవాళ్లు, ఆ దీపం ప్రతి గుంతలోనూ ఊగుతుందని ఎన్నడూ గమనించరు. గుంతలెవరి పుణ్యమో రాయబోతే ఇంకో ఉత్తరం అవుతుంది.

చట్టం లేదా అంటే ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది స్పష్టంగానే చెబుతోంది: దీపానికి 8 మీటర్ల దూరంలో, అరమీటరు కుడిపక్కకు, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు గొలపకుండా వెలుగు కిందికి వంగి ఉండాలి, లేదా డ్రైవరు వంచగలిగేలా ఉండాలి. ఇంత విడమరచి రాసిన నిబంధనను రోడ్డు మీద టేపు పట్టి కొలిచిన అధికారిని నేనింతవరకు చూడలేదు. సొంత కారు కొన్నాక 15 ఏళ్ల దాకా దాన్ని ఫిట్‌నెస్ పరీక్షకు రమ్మనేవాడు లేడు. రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా పరీక్ష ఉంది. అందులో నెగ్గినవే కాబోలు, ఒంటికన్నుతో ఎదురొస్తున్న లారీలను రోజూ చూస్తున్నాము. హెల్మెట్ లేనివాడిని కెమెరా పట్టేస్తుంది, చలానా ఫోనుకే వస్తుంది, ఆ చలానాకు 2022లోనూ 2023 చివరలోనూ ఇచ్చినట్టు చీరల దుకాణాన్ని తలదన్నే రాయితీలూ వస్తాయి. కెమెరా పట్టలేని తప్పు మాత్రం తప్పుల లెక్కలోకే రాదు. 2012లో సుప్రీంకోర్టు చెప్పాక కారు అద్దాల నల్ల ఫిల్ములను రోడ్డు మీదే పీకించిన ట్రాఫిక్ పోలీసు శాఖకు, ఒక టేపు, ఒక తెల్ల తెర పట్టుకుని నిలబడటం అసాధ్యం కాకూడదు. ఒకప్పుడు హెడ్‌లైటు పైభాగానికి నల్లరంగు పూయించేవారు. అది మొరటు పద్ధతే గాని, ఆ మాత్రం పట్టింపైనా ఉండేది.

అందువల్ల సంబంధిత అధికారులను కోరేది ఇదే: మైకుల్లో హెచ్చరికలు కాసేపు ఆపి, నగరంలోని పెట్రోలు బంకుల్లో పదింటనైనా గోడ మీద గీతలు గీయించి, వచ్చినవాళ్ల దీపాలను అక్కడికక్కడే సరిచేయించండి. సర్వీసు కేంద్రాలు వేసే టిక్కుల వెనక కొలత ఉందో లేదో తనిఖీ చేయండి. మీ పత్రిక కూడా ఆ 106వ నిబంధనను బొమ్మ గీసి ఒక్కసారి ప్రచురిస్తే నావంటివాళ్లు కత్తిరించి దాచుకుంటారు.

మా సెల్లార్ గోడ మీద నా టేపు గుర్తులు ఇంకా అలాగే ఉన్నాయి. పొరుగువాళ్లు మూడు కార్లు తెస్తే మూడింటి కుడి దీపమూ పైకే ఉంది. గోడ పాడవుతోందని, గుర్తులు తక్షణం తొలగించాలని అపార్ట్‌మెంట్ సంఘం వారు లిఫ్టులో నోటీసు అంటించారు. ప్రస్తుతానికి తీయలేదు.

ఇట్లు,
విశ్రాంత ఆటోమొబైల్ అధ్యాపకుడు,
నాచారం, హైదరాబాద్